పేరు పెట్టి దాచు

2004లో నేను జపానులోని కవాసాకిలో ఉద్యోగం చేస్తుండగా, టోక్యో అకిహబారాలో ఒక లాప్‌టాప్ కొన్నాను. నా కోసం కాదు, నాన్నగారి కోసం. ఆయన తెలుగు పండితులుగా పదవీ విరమణ చేసి, తాము చదువుకున్నదీ, తరువాత చదువు చెప్పినదీ అయిన మా ఊరి బడి చరిత్ర రాయడానికి పూనుకున్నారు. నోటుపుస్తకాలలో కొట్టివేతలు, అంచుల్లో చేర్పులు పెరిగిపోయి, ఏ పేజీ తరువాత ఏ పేజీయో ఆయనకే తెలియని స్థితి వచ్చింది. కంప్యూటరైతే ఆ చిక్కు తీరుతుందని నా ఆశ.

దుకాణంలో నేనడిగిన మొదటి ప్రశ్న: "ఇది ఇంగ్లీషులోకి మారుతుందా?" అమ్మకందారు మాట్లాడలేదు. రెండు చేతులనూ గుండెల ముందు అడ్డంగా, గుణకారపు గుర్తులాగా పెట్టి చూపించాడు. జపానులో దానికి అర్థం 'కుదరదు' అని.

ఎందుకు కుదరదు? తెర మీది మాటలు మార్చడం అంత కష్టమా? ఆనాడు నన్ను తొలిచిన ఈ ప్రశ్నకు సమాధానం కోసం చాలా వెనక్కి వెళ్ళవలసి వచ్చింది.

జపాను 1978లో ప్రకటించిన అక్షర ప్రమాణంలో 6,802 అక్షరాలున్నాయి. అందులో 6,349 కంజి అక్షరాలే. ఒక్కొక్క అక్షరాన్నీ నిలువు 16, అడ్డం 16 చుక్కలుగా గీస్తే 32 బైట్లు పడుతుంది. మొత్తం గీయాలంటే 2,17,664 బైట్లు. ఆనాటి ఇంటి కంప్యూటర్లు అనేకం 64 కిలోబైట్ల జ్ఞాపకశక్తితోనే బతుకు వెళ్ళదీసేవి. అక్షరమాలను మోస్తే ఇక పనికి చోటుండదు! అందువల్ల ఆ అక్షరాల బొమ్మలను విడిగా ఒక చిప్పులో పోసి యంత్రంలో అమర్చేవారు. 1982లో వచ్చిన ఎన్.ఇ.సి. వారి పీసీ-9801 ఆ మార్గంలోనే జపానును ఏలింది. అంటే అప్పట్లో భాష యంత్రపు ఒంట్లోనే ఉండేది. మాట మార్చాలంటే మనిషినే మార్చాలన్నట్టు. 1990లో ఐబీఎం జపాను శాఖ డాస్/వి అన్న వ్యవస్థతో, మామూలు వీజీఏ తెర మీదనే కంజిని కేవలం ప్రోగ్రాము ద్వారా గీసి చూపించింది. భాష చిప్పులోంచి బయటపడి, సాఫ్ట్‌వేరులోకి వచ్చింది.

అయితే సంకెళ్ళు పూర్తిగా తెగలేదు. ఒకే అంకె ఒక దేశంలో ఒక అక్షరం, మరొక దేశంలో మరొక అక్షరం. 1969 నాటి జపాను ప్రమాణం, అమెరికా వారి వెనుకవాలు గీత ఉండే చోట యెన్ గుర్తును కూర్చోబెట్టింది. కనుక జపాను విండోస్‌లో ఫైలు చిరునామా చూస్తే, ఫోల్డరు ఫోల్డరుకూ మధ్య యెన్ గుర్తు కనిపిస్తుంది. తొలిసారి చూసినప్పుడు, ఇదేదో ధరల పట్టిక కాబోలు అనుకున్నాను. అంతకంటె పెద్ద తంటా ఏమిటంటే, కొన్ని జపాను అక్షరాల రెండో బైటు సరిగ్గా ఆ గుర్తు అంకే. అది తెలియని విదేశీ ప్రోగ్రాము అక్షరాన్ని నడిమికి నరికి, సగాన్ని ఫోల్డరు హద్దుగా భ్రమించేది. ఇలాంటి కారణాల వల్ల ఒక్కొక్క భాషకూ విడివిడిగా విండోస్‌ను తయారు చేయవలసి వచ్చేది. విండోస్ 95 అమెరికాలో 1995 ఆగస్టు 24న వస్తే, జపాను రూపం నవంబరు 23న గాని రాలేదు.

ఈ చిక్కుకు విరుగుడు మనందరికీ ఆప్తమైన యూనీకోడ్. 1991 అక్టోబరులో వెలువడిన దాని తొలి సంపుటిలోనే తెలుగుకు 128 గదులు కేటాయించారు. మన దేశపు ఇస్కీ ప్రమాణమే దానికి పునాది. 1993లో వచ్చిన విండోస్ ఎన్.టీ. లోపల అంతా యూనీకోడే. 2000 నాటి విండోస్‌లో అసలు ప్రోగ్రాము అన్ని దేశాలకూ ఒక్కటే. మీద కనిపించే మాటలు మాత్రం ముసుగులాగా వేరే. 2001లో వచ్చిన ఎక్స్‌పీ గౌతమి ఖతితో సహా తెలుగును వెంటబెట్టుకు వచ్చింది.

మరి 2004లో ఆ అమ్మకందారు చేతులు అడ్డంగా ఎందుకు పెట్టినట్టు? సాంకేతికమైన అడ్డంకి అప్పటికే తొలగిపోయింది. మిగిలినది అమ్మకపు నియమం. భాషల ముసుగుల మూటను చిల్లరగా అమ్మలేదు. సంస్థలకు మాత్రమే ఇచ్చారు. అదైనా ఇంగ్లీషు ప్రొఫెషనల్ రూపం మీదనే ఎక్కుతుంది. నేను కొన్నది జపాను హోమ్ రూపం. తలుపు చేయడం వచ్చిన తరువాత కూడా గోడనే అమ్మారన్నమాట.

అడిగేవాడుంటే గోడ కదలదా అంటే, కదులుతుంది. మూడు లక్షల మంది కూడా లేని ఐస్‌లాండులో, తమ భాషలో విండోస్ కావాలని ప్రభుత్వమే పట్టుబట్టి, 1999లో మైక్రోసాఫ్ట్‌తో ఒప్పందం కుదుర్చుకుంది. 2001 జనాభా లెక్కల ప్రకారం మన దేశంలో తెలుగు మాతృభాషగా ఉన్నవారు 7 కోట్ల 40 లక్షలు. లోటు జనంలో లేదు, అడిగే నోటిలో ఉంది.

ఇక నా కథకు వస్తాను. ఆ యంత్రంలో తెలుగును మేలుకొలిపి, కీబోర్డు మీద తెలుగు అక్షరాలు రాసిన కాగితపు ముక్కలు అంటించి, ఊళ్ళో నాన్నగారికి అప్పజెప్పాను. నా సెలవు రెండు వారాలే. మొదటి రోజు ఆయన పేజీన్నర కొట్టి దాచబోతే, జపానులో ఏదో హెచ్చరిక వచ్చింది. ఆయన 'ఓకే' నొక్కారు. మరునాడు తెరిస్తే పేజీన్నర నిండా ప్రశ్నార్థకాలు. యూనీకోడ్‌గా కాక జపాను పద్ధతిలో దాస్తే తెలుగు దక్కదని ఆ హెచ్చరిక సారాంశం. ఆయన కోప్పడలేదు. "ఇన్ని ప్రశ్నలు నా విద్యార్థులు కూడా వేయలేదురా" అన్నారు.

తరువాత ఆయన చేసిన పని నన్ను నేటికీ ఆశ్చర్యపరుస్తుంది. ఒక నోటుపుస్తకం తీసుకుని, తెర మీది కంజి అక్షరాలను బొమ్మలుగా దించుకున్నారు. ఒక్కొక్క దానికీ అర్థం నా చేత చెప్పించుకుని పక్కన రాసుకున్నారు. జపాను మెనూలలో ప్రతి మాట చివరా బ్రాకెట్లలో ఒక ఇంగ్లీషు అక్షరం ఉంటుంది, మీటతో పిలవడానికి. ఆ అక్షరాలే ఆయనకు మైలురాళ్ళు. ఇంగ్లీషులో 'సేవ్' అనే దానిని జపాను వారు 'మీద రాసి దాచు' అంటారు. 'సేవ్ యాజ్' అనేది వారికి 'పేరు పెట్టి దాచు'. అది వినగానే నాన్నగారి ముఖం వెలిగింది. "ఇదీ మాటంటే! పేరు పెట్టి దాచు. పిల్లవాడికి బారసాల చేసినట్టుంది" అన్నారు.

అలా రెండున్నరేళ్ళలో 41 పేజీలు రాశారు.

2007లో ఊరికి వచ్చినప్పుడు నేను ఆయనకు మేలు చేయదలచాను. అప్పటికి ఎక్స్‌పీకి తెలుగు ముఖం ఉచితంగా దొరుకుతోంది. కాని అది ఇంగ్లీషు ఎక్స్‌పీ మీదనే నిలుస్తుంది; జపాను దాని మీద నిలవదు. తెలుగు కోసం ఇంగ్లీషు గడప తొక్కవలసిందే. ఆయన ఫైళ్ళు భద్రపరచి, జపాను వ్యవస్థను తుడిచివేసి, ఇంగ్లీషు ఎక్స్‌పీ కొని వేసి, దాని మీద తెలుగు తొడిగాను. ఒక పగలంతా పట్టింది. సాయంత్రం గర్వంగా చూపించాను.

ఆయన చాలాసేపు చూశారు. అక్కడక్కడ తెలుగు, అక్కడక్కడ ఇంగ్లీషు. మాటలు మంచివే, కాని ఆయన నోటుపుస్తకంలో లేనివి. "బాగుంది నాయనా" అని, కాసేపాగి, "ఆ పాత బొమ్మలు మళ్ళీ రావా?" అన్నారు. రావు. తిరిగి వేసే డిస్కులు కవాసాకిలో గది ఖాళీ చేసినప్పుడే పారవేశాను. నాకు తెలియకుండానే నేను కూడా చేతులు అడ్డంగా పెట్టాను.

ఆయన మళ్ళీ కలం పట్టారు. 42వ పేజీ నుండి ఆ చరిత్ర చేతిరాతలోనే ఉంది. 2011లో ఆయన వెళ్ళిపోయేనాటికి అది పూర్తి కాలేదు.

2012లో విండోస్ 8తో, 'ఒకే భాష' అని పేరు పెట్టి అమ్మే రూపం తప్ప మిగిలిన వాటిలో భాష మార్చుకునే వీలు అందరికీ వచ్చింది. నేడు ఎవరైనా కొన్ని నిమిషాలలో మార్చుకోవచ్చు. ఆ సౌలభ్యం ఎనిమిదేళ్ళు ముందు వచ్చి ఉంటే నేను జపానును తుడిచేవాడిని కాను, పక్కన పెట్టేవాడిని. అయినా నెపమంతా నియమాల మీద వేయలేను. ఏ భాషలో కావాలని ఆయననొక మాట అడగడానికి ఏ లైసెన్సూ అక్కరలేదు కదా.

ఒకటి మాత్రం ఊరట. తెర భాష మూడుసార్లు మారినా, రాసిన భాష చెక్కుచెదరలేదు. అంతకు ముందు వేరొక ఖతిలో నేనాయనకు రాసిన ఉత్తరాలు నేడు తెరిస్తే అర్థం లేని లాటిను అక్షరాల కుప్పలు. ఆయన యూనీకోడ్‌లో దాచిన 41 పేజీలు మాత్రం నిన్న రాత్రి నా ఫోనులో తెరుచుకున్నాయి. ఒత్తు పోలేదు, సున్న పోలేదు. ఈ నెలనుంచి చేతిరాత పేజీలను ఆ ఫైలులోకి ఎక్కిస్తున్నాను.

పక్కన ఆయన బొమ్మల నోటుపుస్తకం ఉంది. పని ముగించినప్పుడల్లా నా తెర మీద ఇంగ్లీషులో 'సేవ్ యాజ్' అనే కనిపిస్తుంది. నేను మాత్రం 'పేరు పెట్టి దాచు' అనే చదువుకుంటాను.