పదకొండు నెలల కాగితం

అద్దె ఇల్లు కుదిరాక స్టాంపు కాగితం మీద రాసుకునే గడువు చాలాచోట్ల పదకొండు నెలలే. నెల తగ్గించడంలో సెంటిమెంటేమీ లేదు. 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం ప్రకారం ఏడాది దాటిన లీజును, ఏటేటా సాగే లీజును రిజిస్టర్ చేయించి తీరాలి. ఆ ఖర్చూ ఆ తిరుగుడూ తప్పించుకోవడానికి జనం పట్టిన దారి ఇది. పదకొండు నెలలు తిరిగేసరికి మళ్లీ బేరం మొదలు.

గడువు తీరినా అద్దెకున్నవాళ్లు అక్కడే ఉండి, ఓనరు అద్దె పుచ్చుకుంటూ పోతే ఏమవుతుంది? 1882 నాటి ఆస్తి బదలాయింపు చట్టం దీనికి ముందే జవాబు చెప్పింది. వేరే మాట అనుకోకపోతే, అది నెలనెలా సాగే అద్దెగా మారుతుంది. దాన్ని ముగించడానికి పదిహేను రోజుల నోటీసు చాలు. ఒకప్పుడు ఆ నోటీసు గడువు సరిగ్గా అద్దె నెల చివరి రోజుతో ముగియాలనేవారు. ఒక్క రోజు అటూ ఇటూ అయినా ఓనరు వేసిన దావా వీగిపోయేది. 2002 చివరలో సవరణ వచ్చేదాకా అద్దెదారుల వకీళ్లకు అదే బ్రహ్మాస్త్రం.

ఈ ఒప్పంద స్వేచ్ఛకు యుద్ధాలు కళ్లెం వేశాయి. మొదటి ప్రపంచ యుద్ధం ముగిసే ఏడాది, 1918లో, బొంబాయి అద్దెల చట్టం వచ్చింది. రెండో యుద్ధంలో పట్నాల్లో ఇళ్లకు కరువొచ్చి, 1941లో మద్రాసు ప్రభుత్వం అద్దెల నియంత్రణ ఉత్తర్వు ఇచ్చింది. నిజాం రాజ్యంలోనూ 1353 ఫసలీలో, అంటే 1943-44 ప్రాంతంలో, అలాంటిదే వెలువడింది. యుద్ధం పోయినా ఆంక్షలు పోలేదు. ఆంధ్ర ప్రాంతంలో 1949 నాటి మద్రాసు చట్టం, తెలంగాణలో 1954 నాటి హైదరాబాద్ చట్టం నడుస్తుండగా, రెండింటి స్థానంలో 1960లో ఉమ్మడి రాష్ట్రానికి ఒకే చట్టం చేశారు.

ఆ చట్టంతో రెన్యువల్ అన్నమాటకే విలువ లేకుండా పోయింది. కాగితం మీద గడువు తీరిందన్నంత మాత్రాన ఖాళీ చేయించడానికి వీల్లేదు. అద్దె ఎగ్గొట్టారనో, ఇల్లు మరొకరికి ఇచ్చారనో, తమ సొంతానికే కావాలనో రెంట్ కంట్రోలర్ ముందు రుజువు చేసుకోవాలి. న్యాయమైన అద్దె లెక్కకు 1944 ఏప్రిల్ 5కు ముందు పన్నెండు నెలల్లో ఆ వీధిలో నడిచిన రేటును ఒక ప్రాతిపదిక చేశారు. బియ్యం ధర మారినా పునాది రేటు కదలదన్నమాట! అద్దెదారుకు నిలువనీడ ఇవ్వాలన్న ఉద్దేశం మంచిదే. కానీ అద్దెకిస్తే ఇల్లు చేజారుతుందన్న భయం ఓనర్లకు పట్టుకున్నది కూడా అక్కడే.

కొత్త ఇళ్లు కట్టేవాళ్లను ప్రోత్సహించడానికి 1957 ఆగస్టు 26 తర్వాతి కట్టడాలకు మినహాయింపు ఇచ్చారు. పాతికేళ్లు గడిచాక కూడా అదే తేదీ పట్టుకుని కూర్చోవడం వివక్షేనని, 1983లో మోటార్ జనరల్ ట్రేడర్స్ కేసులో సుప్రీంకోర్టు ఆ మినహాయింపును కొట్టేసింది. ప్రభుత్వం మళ్లీ మినహాయింపులు తెచ్చింది. 2005 సవరణతో కార్పొరేషన్ పరిధిలో నెలకు మూడున్నర వేలు, ఇతర చోట్ల రెండు వేలు దాటిన అద్దెలు చట్టం బయటకు వెళ్లాయి. మూడున్నర వేలకు హైదరాబాద్‌లో ఇప్పుడు ఇల్లెక్కడ దొరుకుతుంది? అందుకే ఇప్పుడు నగరంలో చాలామంది అద్దెదారులు తిరిగి 1882 చట్టం కిందే ఉన్నారు. నిజానికి ఇది రద్దు చేసినంత పని. కాకపోతే ఎవరూ ఆ మాట అనలేదు.

2021 జూన్‌లో కేంద్ర మంత్రివర్గం ఆమోదించిన నమూనా అద్దె చట్టం మధ్యేమార్గం వెతికింది. ఒప్పందం రాతలో ఉండాలి, దాన్ని అద్దె అధికారికి తెలపాలి. ఒప్పందంలో లేకపోతే గడువు మధ్యలో అద్దె పెంచకూడదు. పెంచేటప్పుడు మూడు నెలల ముందు రాతపూర్వకంగా చెప్పాలి. నివాసానికి అడ్వాన్సు రెండు నెలల అద్దె మించరాదు. గడువు దాటి కదలకపోతే మొదటి రెండు నెలలూ రెట్టింపు అద్దె, ఆపైన నాలుగింతలు. అయితే ఇది నమూనాయే. రాష్ట్రాలు తమ చట్టంగా చేసుకుంటేనే అమలు. ఆంధ్రప్రదేశ్ అంతకుముందే, 2017లో, తన కొత్త చట్టం చేసుకుంది. తెలంగాణలో 1960 చట్టమే ఉంది.

కాబట్టి కాగితంలో ఏముందన్నదే ఇంకా ముఖ్యం. ఏటా ఎంత శాతం పెంచాలి, ఎన్ని నెలల ముందు చెప్పాలి, ఖాళీ చేసేటప్పుడు పెయింటింగ్‌కని అడ్వాన్సులో ఎంత పట్టుకుంటారు – ఈ మూడూ రెన్యువల్ రోజున కాదు, ఇంట్లో దిగేముందే రాయించుకోండి. కాగితం నకలు ఒకటి మీ దగ్గరే ఉంచుకోండి.