విమానానికి ముందు మద్రాసులో ఒక రోజు

తిరుపతి రైలు పొద్దున పదింటికి నన్ను చెన్నై సెంట్రల్‌లో దింపింది. నా విమానం తెల్లవారుజామున నాలుగింటికి. గల్ఫ్‌లో దిగి, ఇంకో విమానం మారి, డర్బన్ చేరాలి. అంటే చేతిలో ఒక పగలు, సగం రాత్రి ఉన్నాయి. పెట్టె క్లోక్ రూమ్‌లో పెట్టి ఊరు తిరుగుదామనుకున్నాను. తాళం లేని పెట్టె ఇక్కడ పెట్టుకోము అన్నారు. బయటికి వచ్చి, రోడ్డు పక్కన ఒక చిన్న తాళం కొన్నాను. కొంటుంటే నాకు నవ్వొచ్చింది. నా తెలుగు మొదలైందే తాళం దగ్గర మరి.

మా ఇంట్లో అందరం మేము తమిళులమే అనుకునేవాళ్ళం. చిన్నప్పుడు శనివారాలు తమిళ క్లాసుకి వెళ్ళాను. ఇంట్లో మాట్లాడేది ఇంగ్లీషు. మా అవ్వ ఒక్కతే రాత్రి పడుకునే ముందు "బీగం వేసినారా?" అని అడిగేది. ఒకసారి తమిళ టీచరమ్మని బీగం అంటే ఏమిటని అడిగాను. తాళాన్ని పూట్టు అంటారు, బీగం మీ అవ్వ కల్పించిన మాటేమో అంది. నేనూ నమ్మాను. అవ్వ పోయిన చాలా ఏళ్ళకి, ఒక రాత్రి ఏదో వెతుకుతుంటే బ్రౌన్ తెలుగు నిఘంటువులో ఆ మాట కనబడింది. బీగము అంటే తాళం. అప్పుడు నాకు ముప్పై ఏడేళ్ళు. అవ్వ మాటలు ఇంకా ఏమేం గుర్తున్నాయో ఒక కాగితం మీద రాసుకున్నాను. పదకొండు వచ్చాయి. పదకొండూ తెలుగే.

ఆ తర్వాత ఓడల జాబితాల్లో పడ్డాను. మా దేశానికి కూలీలుగా వచ్చిన ప్రతి మనిషి పేరూ ఆ జాబితాల్లో ఉంటుంది. అవ్వ వాళ్ళ తాత 1880లలో మద్రాసులో ఓడెక్కాడు. ఆయన వరసలో ఇవి ఉన్నాయి: నంబరు, పేరు, తండ్రి పేరు, వయసు, కులం, జిల్లా, తాలూకా, ఊరు, ఒంటి మీద గుర్తులు. జిల్లా నార్త్ ఆర్కాట్, తాలూకా చిత్తూరు, ఎడమ మోకాలి మీద మచ్చ. కులానికి ఒక గడి ఉంది, మచ్చకి ఒక గడి ఉంది. భాషకి గడి లేదు. నూట ముప్పై ఏళ్ళ తర్వాత కూడా ఆయన మోకాలి మీద మచ్చ ఎక్కడుందో నేను చెప్పగలను. ఏ భాషలో ఏడ్చాడో తెలుసుకోవడానికి మాత్రం మా అవ్వ బీగం కావలసి వచ్చింది.

ఈసారి ప్రయాణం ఆ ఊరు చూడ్డానికే. గుమాస్తా ఇంగ్లీషులో రాసిన ఊరి పేరును చిత్తూరు పక్కన మూడు రకాలుగా చదవొచ్చు. మూడు ఊళ్ళూ తిరిగాను. మూడు ఊళ్ళలోనూ మజ్జిగ ఇచ్చారు. ఏ ఊరిలోనూ మా వాళ్ళు దొరకలేదు. కానీ మద్రాసు విషయంలో సందేహం లేదు. ఆయన ఇక్కడికి వచ్చాడు, ఇక్కణ్ణించే వెళ్ళాడు. అందుకే ఆ రోజు మాల్స్ వద్దనుకున్నాను.

ముందు కోటకి వెళ్ళాను. సెయింట్ జార్జి కోటలో ఇప్పుడు తమిళనాడు అసెంబ్లీ, సెక్రటేరియట్ ఉన్నాయి. గేటు దగ్గర సంచి తెరిచి చూసి పంపారు. ఈ నేలని ఈస్టిండియా కంపెనీకి 1639లో ఇచ్చినవాడు దామర్ల వెంకటాద్రి నాయకుడు. ఇవాళ్టికీ ఊళ్ళో ఆగస్టు 22ని మద్రాసు డే అని జరుపుకుంటారు. ఆయన తండ్రి చెన్నప్ప నాయకుడి పేరు మీదే చెన్నపట్నం అనే పేరు వచ్చిందంటారు. అంటే చెన్నై అన్నప్పుడల్లా ఒక తెలుగు నాయకుడి పేరు తలుస్తున్నట్టే. ఇది చెప్పి గర్వపడే వాళ్ళని చాలామందిని చూశాను. నాకు మాత్రం కోటలో వేరే సంగతి మనసులో తిరుగుతూ ఉంది.

కంపెనీ ఉద్యోగులకు ఇక్కడి భాషలు నేర్పడానికి 1812లో ఈ కోట పేరుతోనే మద్రాసులో ఒక కాలేజీ పెట్టారు. పెట్టినవాడు ఫ్రాన్సిస్ వైట్ ఎల్లిస్. తెలుగు, తమిళం, కన్నడం ఒక కుటుంబం భాషలని, అవి సంస్కృతం నుంచి పుట్టలేదని ఆయన 1816లోనే రాశాడు. ఆ వ్యాసం అచ్చయింది ఎక్కడో తెలుసా? క్యాంబెల్ రాసిన తెలుగు వ్యాకరణం ముందు మాటతో పాటు. తర్వాత ఆ కాలేజీలో చదువుకున్న చార్లెస్ ఫిలిప్ బ్రౌన్ వచ్చాడు. ఆయన తెలుగు-ఇంగ్లీషు నిఘంటువు 1852లో మద్రాసులోనే అచ్చయింది. నాకు బీగం దొరికిన నిఘంటువు అదే.

ఇప్పుడు తేదీలు పక్కపక్కన పెట్టి చూడండి. నిఘంటువు 1852. కూలీలతో నటాల్‌కి బయల్దేరిన మొదటి ఓడ ట్రూరో. అది మద్రాసు వదిలింది 1860 అక్టోబరు 12న. మధ్యలో ఎనిమిదేళ్ళే. తెలుగు వేరు, తమిళం వేరు అని తెలియక గడి పెట్టలేదని నేను అనుకోలేను. ప్రపంచంలో ఆ తేడా అందరికన్నా బాగా తెలిసిన ప్రభుత్వం ఈ ఊళ్ళోనే ఉంది. కానీ చెరకు తోటకి కావలసింది మనిషి ఒళ్ళు. పారిపోతే పట్టుకోవాలంటే మచ్చ కావాలి, తండ్రి పేరు కావాలి, ఊరు కావాలి. భాషతో తోటకి పని లేదు. దొరలు తాము నేర్చుకోవడానికి మా భాషని అంత ప్రేమగా అచ్చు వేసుకున్నారు. మా తాత దగ్గరికి వచ్చేసరికి అడగలేదు. బ్రౌన్ మీద నాకు కోపం లేదు. ఆయన లేకపోతే నేను ఈ నాలుగు ముక్కలు రాసేవాణ్ణి కాదు. అయినా ఆ రెండు కాగితాలూ ఒకే ఊళ్ళో తయారయ్యాయని తలుచుకుంటే మనసు ఊరుకోదు.

కోట నుంచి రేవుకి ఆటో మాట్లాడుకున్నాను. "ఓడరేవుకి పోవాలి" అన్నాను. ఆటో అతనికి అర్థం కాలేదు. "రేవు" అన్నాను. "ఓడలు ఆగే చోటు" అన్నాను. చేత్తో ఓడ బొమ్మ గీశాను. చివరికి అతనే "హార్బరా?" అన్నాడు. పుస్తకంలో నేర్చుకున్న తెలుగు గతి ఇంతే.

హార్బరులోకి పాసు లేకుండా పోనివ్వరు. గేటు దగ్గర జవాను మర్యాదగానే చెప్పాడు. రాజాజీ సాలై మీద, కంటెయినర్ లారీల పక్కన, గోడకి ఇవతల నిలబడ్డాను. ట్రూరో రోజుల్లో అసలు ఇక్కడ హార్బరే లేదు. ఇది బాట లేని సముద్రం. ఓడలు దూరంగా లంగరు వేసేవి. మనుషుల్నీ మూటల్నీ మసూలా పడవల్లో అలల మీదుగా ఓడ దాకా తీసుకెళ్ళేవాళ్ళు. ఆ పడవల్లో ఒక్క మేకు ఉండేది కాదు. పలకల్ని కొబ్బరి తాడుతో కుట్టేవాళ్ళు. మేకులు కొట్టిన పడవ ఈ అలల దెబ్బకి విరిగిపోతుంది, కుట్టిన పడవ వంగి నిలబడుతుంది. ఇనుప పియర్ 1861లో వచ్చింది. 1870లలో హార్బరు కట్టడం మొదలుపెట్టారు, 1881 నవంబరు తుఫాను దాన్ని పాడు చేసింది. మా తాత వచ్చేనాటికి విరిగిన గోడలు కొన్ని, కుట్టిన పడవలు కొన్ని. చిత్తూరు వైపు మనిషి, సముద్రం ఎన్నడూ చూసి ఉండడు. ఆ పడవలో ఆయన ఏం పట్టుకుని కూర్చున్నాడో అనుకున్నాను.

ట్రూరో 342 మందితో 35 రోజులు ప్రయాణం చేసి నవంబరు 16న డర్బన్ చేరింది. మా దగ్గర ఇప్పటికీ ఆ తేదీని జరుపుకుంటాం. ఒప్పందం ఐదేళ్ళు. మొదటి ఏడు నెలకి పది షిల్లింగులు, తర్వాత ఏడాదికి ఒక షిల్లింగు చొప్పున పెంచుతారు. 1860 నుంచి 1911 దాకా మొత్తం 1,52,184 మంది వచ్చారు. మూడింట రెండు వంతుల మంది ఈ రేవు నుంచే. మిగతావాళ్ళు కలకత్తా నుంచి. అక్కడ దిగాక ఓడ ఎక్కిన రేవే మనిషి జాతి అయింది. కలకత్తాలో ఎక్కినవాడు కలకత్తీయ, ఇక్కడ ఎక్కినవాడు మద్రాసీ. మద్రాసీల్లో తమిళం మాట్లాడేవాళ్ళు ఎక్కువ. గుడి, బడి వాళ్ళవే ముందు లేచాయి. తెలుగువాళ్ళు 1931లో డర్బన్‌లో ఆంధ్ర మహాసభ పెట్టుకున్నారు. చాలా ఇళ్ళలో భాష నిలబడింది. మా ఇంట్లో నిలబడలేదు.

దీనికి జాబితా ఒక్కటే కారణం అంటే అబద్ధం అవుతుంది. మా అవ్వ కూడా పిల్లలతో తెలుగు మాట్లాడకూడదని తనే అనుకుంది. ఇంగ్లీషు వస్తేనే ఉద్యోగం అని. ఆమె అనుకున్నట్టే మా అమ్మ నర్సు అయింది.

మధ్యాహ్నం బ్రాడ్‌వే పక్కన సందులో ఒక ఆంధ్రా మెస్సులో తిన్నాను. వడ్డించే పెద్దాయనది గూడూరు. నేను "ఇంకొంచెం అన్నము దయచేయండి" అన్నాను. ఆయన గరిటె పట్టుకుని ఆగిపోయాడు. "నాటకాల్లో వేస్తారా సార్?" అని అడిగాడు. డర్బన్ అని చెప్పాను. "అక్కడ మనోళ్ళు ఉన్నారా?" అన్నాడు. నూట అరవై ఏళ్ళ నుంచి ఉన్నామన్నాను. ఇంకేం మాట్లాడకుండా పప్పు మీద నెయ్యి ఇంకో రెండు చెంచాలు వేశాడు.

తిన్నాక రాయపేట హైరోడ్డుకి వెళ్ళాను. మైలాపూరు వైపున బులుసు సాంబమూర్తి ఇల్లు ఉండిన చోట ఇప్పుడు పొట్టి శ్రీరాములు స్మారక భవనం ఉంది. 1952 అక్టోబరు 19న అక్కడ నిరాహారదీక్ష మొదలుపెట్టి, 58 రోజుల తర్వాత, డిసెంబరు 15 రాత్రి ఆయన చనిపోయాడు. నాలుగు రోజులకి నెహ్రూ ఆంధ్ర రాష్ట్రం ప్రకటించాడు. 1953 అక్టోబరు 1న కర్నూలు రాజధానిగా ఆ రాష్ట్రం వచ్చింది. శ్రీరాములు మద్రాసు కూడా కావాలని అడిగాడు, అది రాలేదు. "మద్రాసు మనదే" అని తెలుగువాళ్ళు, ఇవ్వమని మ.పొ. శివజ్ఞానం వెంట తమిళులు. నేను బయటివాణ్ణి. కానీ ఆటో అతనితో పొద్దున పడిన పాట్లు తలుచుకుంటే, ఊరు ఎవరికి చెందాలో వాళ్ళకే చెందిందని అనిపించింది. ఈ మాటకి తిట్టేవాళ్ళు తిట్టండి.

నన్ను అక్కడ నిలబెట్టింది వేరే లెక్క. రేవు నుంచి ఆ ఇంటికి కొన్ని మైళ్ళే. ఒక చోట భాష అడగకుండానే మనుషుల్ని ఓడ ఎక్కించారు. అదే ఊళ్ళో ఇంకో చోట, భాష ప్రకారం గీత గీయమని ఒక మనిషి తిండి మానేసి చచ్చిపోయాడు. మా తాత జాబితాలో "నార్త్ ఆర్కాట్" అని ఒక్క మాటగా ఉన్న చోటు తర్వాత ముక్కలైంది. 1911లో, అంటే నటాల్‌కి ఓడలు ఆగిపోయిన ఏడాదే, చిత్తూరు వేరే జిల్లా అయింది. 1953లో అది ఆంధ్రలోకి వచ్చింది. 1960లో తిరుత్తణి తమిళనాడు వైపు పోయింది. ఆ గీతలు నాకు పనికొచ్చాయి. అవి లేకపోతే నేను మూడు ఊళ్ళు కాదు, ముప్పై ఊళ్ళు తిరగాల్సి వచ్చేది.

చెప్పడం మర్చిపోయాను. మా దక్షిణాఫ్రికా రాజ్యాంగం 1996లో వచ్చింది. ఏ భాషల మీద గౌరవం పెంచాలో ఆరో సెక్షన్‌లో పేర్లు రాశారు. అందులో తమిళం ఉంది, తెలుగు కూడా ఉంది, వేరువేరుగా. రాసినవాళ్ళు ఎవరో గానీ, గడి పెట్టారు.

సాయంత్రం మెరీనాలో కూర్చున్నాను. ఒక కుర్రాడు డబ్బాతో "సుండల్, సుండల్" అంటూ వచ్చాడు. పొట్లం విప్పి చూస్తే ఉడికించి తాలింపు పెట్టిన శనగలు. ఇవి మా అవ్వ శుక్రవారాలు చేసేది. ఏమని పిలిచేది? చాలాసేపు రాలేదు. పొట్లం అయిపోవచ్చాక వచ్చింది. గుగ్గిళ్ళు. నా కాగితం మీద పన్నెండో మాట.

తొమ్మిదింటికి సెంట్రల్‌కి తిరిగొచ్చి పెట్టె తీసుకున్నాను. మెట్రో ఎక్కే ముందు అమ్మకి ఫోన్ చేశాను. అక్కడ ఇంకా సాయంత్రం ఐదున్నర. అమ్మకి ఎనభై దాటాయి. ఊరు దొరికిందా అంది. మూడు దొరికాయి అన్నాను. నవ్వింది. తర్వాత ఎప్పటిలాగే, పెట్టెకి తాళం సరిగ్గా వేశావా అని ఇంగ్లీషులో అడిగింది.

"బీగం వేసినాను" అన్నాను.

ఫోన్‌లో కాసేపు ఏమీ వినబడలేదు. లైను పోయిందేమో అనుకున్నాను. తర్వాత అమ్మ మెల్లగా, ఒక్కో అక్షరం తడుముకుంటూ, "బీగం చెవి ఎక్కడ పెట్టినావు?" అంది.