గొట్టింగెన్‌కు వచ్చిన పరదేశీ విద్యార్థులు

జర్మనీలో లైనె నది ఒడ్డున ఉన్న గొట్టింగెన్ పట్టణంలో 1734లో పాఠాలు మొదలై, 1737 సెప్టెంబరు 17న లాంఛనంగా ఆవిష్కృతమైన విశ్వవిద్యాలయం, ఆ దేశపు విద్యాపీఠాల వరుసలో చాలా ఆలస్యంగా పుట్టినది. హైడెల్‌బెర్గ్ 1386లోను, లైప్‌జిగ్ 1409లోను వెలిశాయి కనుక, కొత్త సంస్థకు చెప్పుకోవడానికి ప్రాచీనత గాని, పరంపరగా వచ్చే శిష్యవర్గం గాని లేవు. దీన్ని స్థాపించినది బ్రిటన్ రాజు రెండవ జార్జి. ఆయనే హానోవర్ సంస్థానానికి ఎలెక్టర్, అంటే జర్మన్ చక్రవర్తిని ఎన్నుకొనే హక్కున్న ప్రభువుల్లో ఒకడు. రాజు లండన్‌లో ఉండగా పనంతా నడిపినవాడు హానోవర్ మంత్రి గెర్లాఖ్ అడోల్ఫ్ ఫన్ మ్యున్‌హౌజన్. ఈ విద్యాలయం రెండు శతాబ్దాల్లో ప్రపంచ పరిశోధనకు కేంద్రంగా ఎదగడంలో పరదేశీ విద్యార్థి పాత్ర అలంకారప్రాయమైనది కాదు. అతడు రావాలన్న ఉద్దేశం సంస్థ పునాదిలోనే ఉంది.

ఆ ఉద్దేశం మొదట జ్ఞానానికి సంబంధించినది కాదు, ఖజానాకు సంబంధించినది. మ్యున్‌హౌజన్ కాలపు రాజ్యనీతిజ్ఞులు సంస్థానంలోని ధనం బయటికి పోకుండా, బయటి ధనం లోపలికి వచ్చేటట్లు చూడటమే మంచి పాలన అని నమ్మినవారు. హానోవర్ యువకులు చదువు కోసం పొరుగు రాజ్యాలకు పోతే డబ్బు పోతుంది, పొరుగు రాజ్యాల సంపన్నుల పిల్లలు ఇక్కడికి వస్తే ఇళ్ల అద్దెలు, భోజనాలు, దుస్తులు, పుస్తకాల రూపంలో డబ్బు వస్తుంది. అందుకే విశ్వవిద్యాలయం తొలి కట్టడాల్లో గుర్రపు స్వారీశాల ఒకటైంది. కత్తిసాము, నృత్యం నేర్పే గురువులు కూడా నియమితులయ్యారు. అయితే అదే లెక్క మరొక గొప్ప మార్పుకు దారితీసింది. వేర్వేరు క్రైస్తవ శాఖలకు చెందినవారు రావాలంటే మతవివాదాలు అణగి ఉండాలి కనుక, ఇతర శాఖల ఆచార్యుల రచనలను తనిఖీ చేసి నిషేధించే అధికారాన్ని దైవశాస్త్ర శాఖకు మ్యున్‌హౌజన్ ఇవ్వలేదు. బోధనా స్వేచ్ఛ అని తరువాతి తరాలు గౌరవించిన సూత్రం ఇక్కడ ఇంత లౌకికమైన అవసరం నుంచి పుట్టిందని గుర్తించడం వల్ల దాని విలువ తగ్గదు. మంచి సంస్థలు మంచి ఉద్దేశాలతోనే పుట్టాలన్న నియమం చరిత్రలో కనిపించదు.

దూరదేశాలవారిని నిజంగా రప్పించినది గ్రంథాలయం. ఆనాటి యూరప్ గ్రంథాలయాలు చాలావరకు దానాల వల్ల పోగైన పుస్తకాల కొట్లు. అవి వారంలో కొన్ని గంటలే తెరిచి ఉండేవి, కొన్నిచోట్ల పుస్తకాలు చూపడమే గాని ఇవ్వడం లేదు. గొట్టింగెన్ గ్రంథాలయానికి ఏటా నిధులు కేటాయించి, పరిశోధనకు ఏమి కావాలో చూసి పుస్తకాలు కొనడం, విషయాల వారీగా పట్టికలు తయారు చేయడం, విద్యార్థులకు కూడా పుస్తకాలు ఇంటికివ్వడం ఆచారమయ్యాయి. గ్రీకు భాషా పండితుడు క్రిస్టియన్ గాట్లోబ్ హైనె 1763లో దాని బాధ్యత తీసుకొనేనాటికి సుమారు 60,000 సంపుటాలు ఉండగా, 1812లో ఆయన చనిపోయేనాటికి అవి సుమారు 2,00,000 అయ్యాయి. 1739లో మొదలైన విమర్శ పత్రిక యూరప్‌లో వెలువడుతున్న గ్రంథాలను సమీక్షించేది. సమీక్షకు వచ్చిన పుస్తకాలతోనూ గ్రంథాలయం పెరిగేది. దేశదేశాల పుస్తకాలు ఒకేచోట దొరికే ఊరికి దేశదేశాల చదువరులు చేరడం సహజమే.

తొలి వంద సంవత్సరాల్లో అట్లా చేరినవారిలో ఎన్నో రకాలవారు ఉన్నారు. 1786లో మూడవ జార్జి తన ముగ్గురు కుమారులను ఇక్కడికే చదువుకు పంపాడు. ట్రాన్సిల్వేనియా నుంచి వచ్చిన గణితవేత్త ఫార్కాష్ బోయాయి 1790లలో ఇక్కడే తన తోటి విద్యార్థి, తరువాత గణితంలో ప్రసిద్ధుడైన గౌస్‌తో జీవితకాల మైత్రి సంపాదించాడు. ఆంగ్ల కవి కోల్‌రిడ్జ్ 1799లో కొన్ని నెలలుండి ప్రకృతి శాస్త్రవేత్త బ్లూమెన్‌బాఖ్ ఉపన్యాసాలు విన్నాడు. రష్యా నుంచి తుర్గెన్యెవ్ సోదరులు అలెగ్జాండర్, నికోలాయ్ వచ్చి వెళ్లారు. పుష్కిన్ తన ‘యెవ్గేని ఒనేగిన్’ కావ్యంలో లెన్‌స్కీ అనే యువకవిని గొట్టింగెన్‌లో చదివినవాడిగా చిత్రించాడంటే, రష్యన్ పాఠకుల మనసులో ఆ ఊరి పేరుకు ఎంత అర్థముండేదో తెలుస్తుంది. వీరందరిలో భారతీయ పాఠకులకు దగ్గరివాడు ట్రాన్సిల్వేనియా నుంచి వచ్చిన పేద విద్యార్థి అలెగ్జాండర్ చోమా. 1816 నుంచి 1818 వరకు గొట్టింగెన్‌లో ప్రాచ్య భాషలు నేర్చి, హంగేరియన్ జాతి మూలాలను వెతుకుతూ ఎక్కువ దూరం కాలినడకన ఆసియాకు బయలుదేరిన ఇతడు లడఖ్ ప్రాంతపు బౌద్ధ విహారాల్లో టిబెటన్ నేర్చి, 1834లో కలకత్తాలో టిబెటన్-ఇంగ్లిష్ నిఘంటువును, వ్యాకరణాన్ని ప్రచురించాడు. 1842లో డార్జిలింగ్‌లో మరణించాడు.

ఇంగ్లండ్‌లో ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జ్ విద్యార్థులు కళాశాల గోడల మధ్యనే భోజనం, నిద్ర, ప్రార్థన అన్నీ జరుపుకొంటుండగా, గొట్టింగెన్‌కు వచ్చినవాడు పట్టణవాసుల ఇంట్లో గది అద్దెకు తీసుకొని తన బతుకు తానే బతకాలి. చేరే రోజున విశ్వవిద్యాలయపు పెద్ద పుస్తకంలో పేరు, ఊరు, తండ్రి వృత్తి నమోదు చేయించుకొంటే, అప్పటినుంచి అతడు విద్యాపీఠపు పౌరుడు. అతని తప్పులను విచారించేది పట్టణ న్యాయస్థానం కాదు, విశ్వవిద్యాలయపు న్యాయస్థానం. అల్లరికి, ద్వంద్వయుద్ధాలకు శిక్షగా విద్యార్థిని కొన్ని రోజులపాటు బంధించే ‘కార్ట్సర్’ అనే చెర విశ్వవిద్యాలయంలోనే ఉండేది. ఏ ఆచార్యుని పాఠం వినదలచితే ఆ పాఠానికి విడిగా రుసుము చెల్లించాలి. డాక్టరేట్ తరువాత మరొక పరిశోధనతో బోధనార్హత సంపాదించి, జీతం లేకుండా రుసుముల మీదనే ఆధారపడి పాఠాలు చెప్పేవారిని ‘ప్రివాట్‌డొట్సెంట్’ అనేవారు. ఇటువంటివారికి ఒక్కొక్క పరదేశి రాకా బతుకుదెరువే. గంట కొట్టిన 15 నిమిషాలకు పాఠం మొదలయ్యే ఆచారాన్ని ‘విద్యాపీఠపు పావుగంట’ అంటారు. అది జర్మనీలో నేటికీ ఉంది. హాజరు పట్టీ గాని, ఏడాది చివరి పరీక్ష గాని లేని ఈ స్వేచ్ఛ కొందరిని చెడగొట్టింది; తమ చదువుకు తామే బాధ్యులమని తెలుసుకొన్నవారిని పండితులను చేసింది.

పరదేశులు ఇక్కడ చూసి ఆశ్చర్యపడిన వస్తువు మరొకటి ఉంది, అది సెమినార్. యోహాన్ మథియాస్ గెస్నెర్ 1738లో నెలకొల్పిన భాషాశాస్త్ర సెమినార్‌లో కొద్దిమంది ఎంపికైన విద్యార్థులు ఒక ప్రాచీన గ్రంథ భాగాన్ని తీసుకొని, పాఠాంతరాలను పోల్చి, తమ వ్యాఖ్యను రాసి చదివితే, తోటివారు దాన్ని ఖండించేవారు, ఆచార్యుడు చివర తీర్పు చెప్పేవాడు. గురువు చెప్పినది రాసుకోవడం విద్య అనుకొన్న యువకుడికి, గురువు ఎదుటనే ప్రమాణాలు చూపి వాదించవలసి రావడం కొత్త లోకం. మన శాస్త్ర సంప్రదాయంలోని వాక్యార్థ సభలను ఎరిగినవారికి ఈ పద్ధతి పూర్తిగా అపరిచితం కాదు గాని, అక్కడ వాదం సిద్ధాంత రక్షణ కోసం జరిగితే, ఇక్కడ ఇంతవరకు ఎవరికీ తెలియనిదాన్ని తేల్చడం కోసం జరిగేది. పరిశోధక విశ్వవిద్యాలయం అనే మాటకు సారం ఈ భేదంలోనే ఉంది.

1815 ఆగస్టులో బోస్టన్ నుంచి వచ్చిన జార్జ్ టిక్నర్, ఎడ్వర్డ్ ఎవరెట్ అనే ఇద్దరు యువకులతో గొట్టింగెన్ చరిత్రలో అత్యంత ఫలవంతమైన అధ్యాయం మొదలైంది. వారు బయలుదేరేనాటికి బోస్టన్‌లో జర్మన్ నేర్పేవారు గాని, సరైన నిఘంటువు గాని సులభంగా దొరకలేదు. హార్వర్డ్ గ్రంథాలయంలో సుమారు 20,000 పుస్తకాలు ఉంటే ఇక్కడ దానికి పది రెట్లు ఉండటం చూసి, గ్రంథాలయం విశ్వవిద్యాలయానికి అనుబంధం కాదు, అదే ప్రాణమని టిక్నర్ గ్రహించాడు. ఎవరెట్ 1817లో ఇక్కడ డాక్టరేట్ పొందిన తొలి అమెరికన్ అయ్యాడు. తరువాత వచ్చిన జార్జ్ బాంక్రాఫ్ట్ 1820లో అదే పట్టం పొంది, తమ దేశ చరిత్రను పది సంపుటాల్లో రాశాడు. టిక్నర్ పట్టం తీసుకోకుండానే వెళ్లి హార్వర్డ్‌లో ఆచార్యుడై, అక్కడి బోధనను మార్చడానికి చేసిన ప్రయత్నం చాలావరకు ఫలించలేదు. అయినా దశాబ్దాల తరువాత బోస్టన్ ప్రజా గ్రంథాలయాన్ని ఏర్పాటు చేసినప్పుడు, పుస్తకాలు సామాన్యుల ఇళ్లకు ఉచితంగా వెళ్లాలని పట్టుబట్టి సాధించినది ఆయనే. గొట్టింగెన్ ఆచార్యులకు, విద్యార్థులకు ఇచ్చిన సౌకర్యాన్ని ఆయన ఊరి జనానికంతటికీ విస్తరింపజేశాడు. ఒక పరదేశీ విద్యార్థి తన వెంట తీసుకువెళ్లినదానికి ఇంతకంటె గొప్ప ఉదాహరణ వెతకనవసరం లేదు.

1914 వరకు జర్మన్ విశ్వవిద్యాలయాల్లో చదివిన అమెరికన్ల సంఖ్య తొమ్మిది, పది వేలు ఉంటుందని చరిత్రకారుల అంచనా. వారు తిరిగి వెళ్లి నడిపిన సంస్థల్లో సెమినార్, ప్రయోగశాల, మౌలిక సిద్ధాంత గ్రంథంతో డాక్టరేట్ వేళ్లూనాయి. 1876లో బాల్టిమోర్‌లో ప్రారంభమైన జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయం ఆ నమూనాను బహిరంగంగా స్వీకరించింది. భీమవరంలో పుట్టి 1923లో అమెరికా చేరి, 1930లో హార్వర్డ్ నుంచి డాక్టరేట్ పొందిన యల్లాప్రగడ సుబ్బారావు మొదలుకొని, నేడు అమెరికా విశ్వవిద్యాలయాల్లో పరిశోధన చేస్తున్న వేలాది తెలుగు విద్యార్థుల వరకు అనుసరించే క్రమం ఆ జర్మన్ మూలం నుంచి వచ్చినదే.

స్త్రీల విషయంలో పరదేశీయతే తలుపు తెరిచింది. రష్యన్ గణితవేత్త సోఫియా కోవలేవ్‌స్కయాను బెర్లిన్ విశ్వవిద్యాలయం తన తరగతుల్లోకి రానివ్వలేదు కనుక అక్కడి గణితాచార్యుడు వైయర్‌స్ట్రాస్ వద్ద విడిగా చదువుకొన్న ఆమెకు, 1874లో గొట్టింగెన్ మూడు వ్యాసాల ఆధారంగా, స్వయంగా హాజరు కాకుండానే డాక్టరేట్ ఇచ్చింది. 1893లో గొట్టింగెన్ గణితాచార్యుడు ఫెలిక్స్ క్లైన్ చొరవతో ఇంగ్లండ్ నుంచి గ్రేస్ చిజమ్, అమెరికా నుంచి మేరీ విన్‌స్టన్, మార్గరెట్ మాల్ట్‌బీ పాఠాలు వినడానికి అనుమతి పొందారు. విదేశీ స్త్రీలు చదివి వెళ్లిపోతారు, అప్పటికి హానోవర్‌ను కలుపుకొన్న ప్రష్యాలో ఉద్యోగాలకు హక్కు అడగరు అన్న ధీమా అధికారులకు ఉండటం ఇందుకు తోడ్పడింది. 1895లో చిజమ్ మామూలు నియమాల ప్రకారం పరీక్షకు కూర్చొని పట్టం పొందింది. ప్రష్యా విశ్వవిద్యాలయాల్లో జర్మన్ స్త్రీలకు పూర్తి ప్రవేశార్హత వచ్చినది 1908లో. సొంత ఆడపిల్లలకు మూసిన తలుపును పరాయి ఆడపిల్లలు తెరిపించారన్నది ఆ విద్యాలయానికి కీర్తి, అపకీర్తి రెండూను.

క్లైన్ 1886లో ఏర్పరచిన గణిత పఠనమందిరంలో పుస్తకాలే కాక, ఆచార్యుల ఉపన్యాసాలను విద్యార్థులు శుద్ధప్రతిగా రాసిన సంపుటాలు కూడా ఎవరైనా చదువుకొనేందుకు ఉండేవి. భాష సరిగా రాక పాఠం అందుకోలేని పరదేశికి అవి పెద్ద ఆసరా. 1895లో గణితవేత్త డేవిడ్ హిల్బర్ట్ ఆచార్యుడిగా చేరిన తరువాత జపాన్ నుంచి తకాగి తేజి, మన దేశం నుంచి గణేశ్ ప్రసాద్ ఇక్కడికి వచ్చారు. తకాగి జపాన్‌లో ఆధునిక గణితానికి ఆద్యుడైతే, ప్రసాద్ 1904లో తిరిగివచ్చి ఉత్తర భారతంలో గణిత పరిశోధనకు మార్గం వేశాడు. అదే కాలంలో సంస్కృత పీఠంలో ఉన్న ఫ్రాన్స్ కీల్‌హార్న్ ఒక విధంగా తిరుగు ప్రయాణం చేసినవాడు: పుణెలోని దక్కన్ కళాశాలలో బోధిస్తూ అక్కడి పండితుల వద్ద వ్యాకరణ శాస్త్రం నేర్చిన ఈయన, గొట్టింగెన్ నుంచే పతంజలి మహాభాష్య ముద్రణను ముగించి, వేంగి చాళుక్యుల శాసనాలతో సహా దక్షిణ భారత శాసనాల పట్టికను ‘ఎపిగ్రాఫియా ఇండికా’లో ప్రకటించాడు. ఆంధ్ర చరిత్ర రాసినవారు ఈ పట్టికకు ఋణపడి ఉన్నారు.

రెండు వందల ఏళ్లుగా కూడబెట్టినది 1933లో కొన్ని వారాల్లో చెదిరిపోయింది. ఏప్రిల్ 7న నాజీ ప్రభుత్వం చేసిన ఉద్యోగుల చట్టం యూదులను, రాజకీయంగా నచ్చనివారిని ప్రభుత్వ కొలువుల నుంచి తొలగించగా, భౌతికశాస్త్రవేత్త మాక్స్ బోర్న్, గణితవేత్తలు రిఖార్డ్ కూరాంట్, ఎమ్మీ న్యోథర్ పదవులు కోల్పోయారు. మరో భౌతికశాస్త్రవేత్త జేమ్స్ ఫ్రాంక్ నిరసనగా రాజీనామా చేశాడు. 1926లో అమెరికా భౌతికశాస్త్రవేత్త ఓపెన్‌హైమర్ పరిశోధనకు వచ్చినదీ, 1931 వేసవిలో సుబ్రహ్మణ్యన్ చంద్రశేఖర్ గడిపినదీ బోర్న్ నడిపిన విభాగంలోనే. దేశం విడిచిన బోర్న్, సి.వి. రామన్ ఆహ్వానంపై 1935-36లో కొన్ని నెలలు బెంగళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థలో పాఠాలు చెప్పాడు. ఆయనను శాశ్వతంగా ఉంచుకోవాలని రామన్ చేసిన ప్రయత్నం నెరవేరలేదు. పరదేశులను పిలిచి గొప్పదైన విద్యాలయం తన వారినే పరదేశులను చేసి వెళ్లగొట్టినప్పుడు, దాని స్థానం అట్లాంటిక్ ఆవలి ఒడ్డుకు మారింది.

ఆ చీకటి సంవత్సరాల్లోనూ ఒక పరదేశి అక్కడ చదివాడు. 1935లో చైనా నుంచి వచ్చిన జీ షియన్‌లిన్ సంస్కృతం ఎంచుకోగా, ఎర్న్‌స్ట్ వాల్డ్‌ష్మిట్ తరగతిలో మొదట్లో ఆయన ఒక్కడే విద్యార్థి. యుద్ధం వచ్చి వాల్డ్‌ష్మిట్ సైన్యంలోకి వెళ్లగా, పదవీ విరమణ చేసిన వృద్ధుడు ఎమీల్ జీగ్ మళ్లీ వచ్చి పాఠాలు చెబుతూ, మధ్య ఆసియాలో అంతరించిన తొఖారియన్ భాషను కూడా ఈ శిష్యుడికి పట్టుబట్టి నేర్పాడు. యుద్ధం దారులు మూయడంతో రెండేళ్లకని వచ్చినవాడు పదేళ్లు, ఆకలి రోజులతో సహా, అక్కడే ఉండిపోయి, 1941లో మహావస్తు అనే బౌద్ధ గ్రంథపు గాథల క్రియారూపాలపై డాక్టరేట్ పొందాడు. 1946లో స్వదేశం చేరి పెకింగ్ విశ్వవిద్యాలయంలో ప్రాచ్య భాషల శాఖను స్థాపించాడు. సాంస్కృతిక విప్లవం ఆయనను కాపలాదారు పనికి దించిన రోజుల్లో వాల్మీకి రామాయణాన్ని చైనీస్ పద్యాల్లోకి అనువదించడం మొదలుపెట్టి, మొత్తం పూర్తి చేశాడు; ఆ గ్రంథం 1980లలో వెలువడింది. 2008లో భారత ప్రభుత్వం ఆయనను పద్మభూషణ్‌తో సత్కరించింది.