మైనపు గీత: పెనాంగ్ బాతిక్ మ్యూజియం చూశాక కోలారు నేతవాళ్ళం అనుకున్న మాట

కోలారు అనగానే బయటివాళ్ళకు గుర్తొచ్చేది బంగారం. ఆ బంగారానికి లెక్క ఉంది. 1880లో జాన్ టేలర్ అండ్ సన్స్ కంపెనీ ఇక్కడి గనుల్లో అడుగుపెట్టింది మొదలు 2001 ఫిబ్రవరి 28న భారత్ గోల్డ్ మైన్స్ మూతపడిన దాకా ఏ షాఫ్టు ఎంత లోతుకు పోయిందో, ఏ ఏడు ఎంత బంగారం తీశారో కాగితాల మీద ఉంది. ఛాంపియన్ రీఫ్ గని మూడు కిలోమీటర్లకు పైగా లోతని, 1902లోనే శివనసముద్రం నుంచి ఈ గనులకు కరెంటు వచ్చిందని మన బడిపిల్లలు కూడా చెబుతారు. అదే కాలంలో, అదే జిల్లాలో, మన మగ్గాల మీద ఎన్ని చీరలు దిగాయో, వాటిని నేసినవాళ్ళ పేర్లేమిటో చెప్పేవాళ్ళు మాత్రం లేరు.

లెక్క బొత్తిగా లేదని కాదు. టిప్పు సుల్తాన్ పోయిన మరుసటి ఏడు, అంటే 1800లో, ఫ్రాన్సిస్ బుకానన్ అనే డాక్టరును ఈస్టిండియా కంపెనీ మైసూరు సీమ చూసి రమ్మని పంపింది. ఆయన కోలారు మీదుగా కూడా వచ్చాడు. 1807లో లండన్‌లో అచ్చయిన ఆయన పుస్తకంలో మన తొగటవాళ్ళున్నారు, దేవాంగులున్నారు, నీలిమందు అద్దే నీలిగారున్నారు. ఎవరు ఏ రకం గుడ్డ నేస్తారో, రంగు ఎట్లా వేస్తారో ఓపిగ్గా రాసుకున్నాడు. కులం పేరు ఉంది, పని పేరు ఉంది. మనిషి పేరు కోసం వెతికితే మాత్రం దొరకడం కష్టం. ఈ వ్యాసంలో మేము చెప్పదలచుకున్నది ఈ ఒక్క సంగతి గురించే. ఇది మా మనసులో గట్టిగా పడింది మాత్రం కోలారులో కాదు, సముద్రం అవతల పెనాంగ్‌లో.

ఆర్మీనియన్ వీధిలో ఒక చిన్న మ్యూజియం

గనులు మూతపడ్డాక మన పిల్లలు ఎక్కడెక్కడికి పోయారో మీకు తెలిసిందే. ఎక్కువమంది మారికుప్పం, బంగారుపేట రైళ్ళెక్కి బెంగుళూరు పోయి వస్తున్నారు. కొందరు సింగపూరు, మలేషియా దాకా వెళ్ళారు. అట్లా వెళ్ళినవాళ్ళను చూడడానికి పోయిన మేము కొందరం పెనాంగ్ ద్వీపంలోని జార్జ్‌టౌన్‌కు వెళ్ళాం. అక్కడ ఆర్మీనియన్ వీధిలో, ఇరుకైన పాత ఇంట్లో, 2013లో తెరిచిన బాతిక్ పెయింటింగ్ మ్యూజియం ఉంది. ఒక పూట చాలు, మొత్తం చూసేయొచ్చు.

బాతిక్ అంటే మైనంతో రంగును ఆపే విద్య. కరిగించిన మైనంతో గుడ్డ మీద గీత గీస్తారు. గుడ్డను రంగులో ముంచితే మైనం ఉన్నచోట రంగు పట్టదు. మళ్ళీ మైనం, మళ్ళీ రంగు. లేత రంగుతో మొదలుపెట్టి ముదురు రంగుకు పోతారు. చివర వేడినీళ్ళలో వేస్తే మైనం కరిగి బొమ్మ బయటపడుతుంది. మైనం కొంచెం చిట్లిన చోట రంగు దూరి సన్నటి నెర్రెలు పడతాయి. ఆ నెర్రెలే బాతిక్ గుర్తు. మాతో వచ్చిన పెద్దాయన ఒక బొమ్మ దగ్గర నిలబడి చెప్పిన మాట మాకు పుస్తకాల కంటే బాగా అర్థమైంది: “ఇదేమప్పా, పోచంపల్లోళ్ళు దారంతో చిటికి కట్టేది, వీళ్ళు మైనంతో కడతాండారు, అంతే గదా!” నిజమే. రంగు వేయడం అందరికీ వచ్చు. రంగు ఎక్కడ పట్టకూడదో ముందే తెలిసి దాన్ని ఆపగలగడం, అదీ పనితనం.

ఈ మ్యూజియంలో ముఖ్యుడు చువా థియన్ టెంగ్. చైనాలో పుట్టి పెనాంగ్ చేరినవాడు. ముందు బాతిక్ గుడ్డల పని పెట్టుకుంటే అది నిలవలేదు. చేతిలో మిగిలిన మైనం, రంగులు, గుడ్డతోనే బొమ్మలు వేయడం మొదలుపెట్టాడు. 1955లో పెనాంగ్‌లో తొలి ప్రదర్శన జరిగింది. లుంగీలకు, చీరలకు వాడే విద్యతో ఫ్రేములో కట్టే బొమ్మ వేయొచ్చని జనం అప్పుడు చూశారు. 1968లో ఆయన బొమ్మ ఒకటి యూనిసెఫ్ శుభాకాంక్షల కార్డు మీదికి ఎక్కింది. 2008లో కన్నుమూశాడు. తల్లీబిడ్డలు, సంతలో ఆడవాళ్ళు, ఊరి పనులు, ఇవే ఆయన బొమ్మలు. ఆయన వెనక తే మో లియాంగ్, కెలంతాన్ ప్రాంతపు జాలరులను వేసిన ఇస్మాయిల్ మత్ హుస్సేన్ లాంటివాళ్ళు వచ్చారు.

నేతపని చేసినవాళ్ళకు ఇందులో పట్టేది ఒకటుంది. వ్యాపారం కూలినా చేతిలోని విద్యను ఆయన వదిలిపెట్టలేదు. ఆ ఊరు కూడా ఆయన్ను వదిలిపెట్టలేదు. ప్రతి బొమ్మ కింద వేసినవాళ్ళ పేరుంది.

మైనం మన తీరంలోనూ ఉండేది

ఇట్లాంటివి చూసినప్పుడు “ఇదంతా మన దగ్గర నుంచి పోయిందే” అనడం మనకొక అలవాటు. అట్లా అనడం సరికాదు. మైనంతో రంగు ఆపే పద్ధతి లోకంలో చాలాచోట్ల ఉంది. జావా వాళ్ళు దాన్ని ఎంతో ఎత్తుకు తీసుకుపోయారు. చిన్న రాగి గిన్నెకు సన్నటి ముక్కు పెట్టిన ‘చాంటింగ్’ అనే పనిముట్టుతో వాళ్ళు గీసే గీత వెంట్రుకంత సన్నగా ఉంటుంది. 2009లో యునెస్కో ఇండోనేషియా బాతిక్‌ను మానవజాతి వారసత్వంగా గుర్తించింది. ఆ గౌరవం వాళ్ళ కష్టానికి దక్కింది.

కానీ మన తీరంలోనూ మైనం ఉండేదన్నది మాత్రం నిజం. దీనికి మంచి సాక్ష్యం ఒక ఫ్రెంచి పాదిరీ రాసిన ఉత్తరం. కూర్దూ అనే ఆ జెసూట్ పాదిరీ తెలుగు నేర్చుకుని తెలుగు నిఘంటువు కూడా తయారుచేసినవాడు. బొమ్మలద్దకం చేసేవాళ్ళను దగ్గర కూర్చోబెట్టుకుని, అడిగి తెలుసుకుని, 1742లో ఆ పని మొత్తం వరసగా రాసి ఫ్రాన్సుకు పంపాడు. గుడ్డను కరక్కాయ, బర్రెపాలలో నానబెట్టడం, ఇనుము నానిన నీళ్ళతో నల్లగీత గీయడం, పటిక పూసిన చోట చిరివేరుతో ఉడికించి ఎరుపు తెప్పించడం, ఇవన్నీ అందులో ఉన్నాయి. ఇప్పటి కాళహస్తి కలంకారీ వాళ్ళు వింటే “మా పనే” అంటారు.

అసలు సంగతి నీలం దగ్గర వస్తుంది. నీలిమందు మిగతా రంగుల లాంటిది కాదు. బాన లోపల ఉన్నంతసేపు పచ్చగా ఉండి, గాలి తగలగానే నీలంగా మారి గట్టిపడుతుంది. కలంతో పూయబోతే చేతిలోనే మారిపోతుంది. అందుకని గుడ్డంతా బానలో ముంచాల్సిందే. అట్లా ముంచితే ఎరుపు, తెలుపు అన్నీ నీలమైపోవూ? అందుకే నీలం కావలసిన చోటు వదిలి మిగతా గుడ్డంతటికీ మైనం పూసేవాళ్ళు. ఎర్రటి పువ్వులో తెల్లటి సన్నగీత కావాలన్నా ముందే మైనంతో గీసుకునేవాళ్ళు. ఇందుకు ఇనుప కలం ఉండేది. దాని మీద చుట్టిన వెంట్రుకల ఉండ వేడి మైనాన్ని పట్టి ఉంచి కొంచెం కొంచెంగా దించేది. జావా చాంటింగ్ చేసే పని, మన ఇనుప కలం చేసే పని ఒకటే.

గుడ్డ దాటిన సముద్రం, గుడ్డకు పడిన అడ్డుకట్ట

ఈ రెండు తీరాలను కలిపింది వ్యాపారం. డచ్చివాళ్ళు 1605 నాటికే మచిలీపట్నం చేరారు. 1613లో కాళహస్తికి దగ్గర్లోని పులికాట్‌లో కోట కట్టుకున్నారు. వాళ్ళకు కావలసింది తూర్పు దీవుల మిరియాలు, లవంగాలు, జాజికాయ. ఆ దీవులవాళ్ళకు కావలసింది మన గుడ్డ. మన గుడ్డలు ఇచ్చి అక్కడ సుగంధ ద్రవ్యాలు కొనేవాళ్ళు. తర్వాత డచ్చి కంపెనీ గుత్తాధిపత్యంతో గుడ్డ ధర పెరిగి జావా మామూలు జనానికి అందకుండా పోయింది. అప్పుడు వాళ్ళు తమ గుడ్డ తామే చేసుకోవడం పెంచారని, బాతిక్ విస్తరించడానికి అదొక కారణమని చరిత్రకారులు చెబుతారు. కాబట్టి మనం వాళ్ళకు గురువులమని గొప్పపడే కథ కాదిది. ధర తగలగానే కొనేవాడు నేసేవాడైన కథ. పవర్‌లూమ్ గుడ్డ ధర చూసి మన చీర పక్కన పెట్టే కాలంలో ఉన్నాం కనుక ఈ కథ మనకు వేరే చెప్పనక్కర్లేదు.

యూరపులో ఇంకొకటి జరిగింది. మన అద్దకపు గుడ్డల మోజుకు అక్కడి నేతవాళ్ళ మగ్గాలు ఆగిపోయాయి. 1686లో ఫ్రాన్సు వీటిని నిషేధించింది. 1719లో లండన్ పట్టునేతవాళ్ళు వీధుల్లో పడి, అద్దకపు గుడ్డ కట్టుకున్న ఆడవాళ్ళ మీద దాడులు చేశారు. 1721లో ఇంగ్లండులో అవి తొడగడమే నేరమయ్యింది. ఆ దాడులు చేసినవాళ్ళూ మనలాగే మగ్గం మీద బతికినవాళ్ళే. ఇటు చేతులకు అటు చేతులు పోటీ అయ్యాయి. లాభం మధ్యలో ఉన్నవాళ్ళకు పోయింది.

ఆనాటి మన గుడ్డలు ఇప్పుడు లండన్ విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో అద్దాల వెనక భద్రంగా ఉన్నాయి. తయారైన చోటు కోరమండల్ తీరమని, కాలం ఫలానా శతాబ్దమని రాసి ఉంటుంది. నేసింది ఎవరు, అద్దింది ఎవరు అన్నచోట పేరుండదు.

తిరిగి వచ్చిన మైనం

మన దేశంలో ఇప్పుడు మనం చూసే బాతిక్ చాలావరకు జావా నుంచి తిరిగి వచ్చిందే. 1927లో రవీంద్రనాథ్ ఠాగూరు జావా వెళ్ళారు. ఆ ప్రయాణం తర్వాతే శాంతినికేతన్‌లో బాతిక్ నేర్పడం బలపడింది. మనకు ఇంకా దగ్గరి సంగతి మద్రాసు పక్కన చోళమండలం. 1966లో కె.సి.ఎస్. పణికర్ ఆధ్వర్యంలో కళాకారులు అక్కడ ఊరు కట్టుకున్నారు. బొమ్మలు అమ్ముడుపోయేదాకా కడుపు నిండేదెట్లా? బాతిక్ గుడ్డలు చేసి అమ్ముకున్నారు. తమ కళ నిలబెట్టుకోవడానికి వాళ్ళకు ఆసరా అయ్యింది ఈ మైనపు పనే.

కాళహస్తిలో కథ వేరే విధంగా నడిచింది. కలంకారీ దాదాపు ఆగిపోయే దశలో కమలాదేవి చటోపాధ్యాయ పూనికతో 1950ల చివర్లో అక్కడ శిక్షణ కేంద్రం వచ్చింది. జొన్నలగడ్డ లక్ష్మయ్య పిల్లలకు పని నేర్పారు. ఆయన కుమారుడు గురప్పశెట్టికి 2008లో పద్మశ్రీ వచ్చింది. కలం బతికింది. మైనం మాత్రం దాదాపు పోయింది. ఇప్పుడు నీలం చాలావరకు నేరుగా పూస్తున్నారు. ఒక విద్య బతికినప్పుడు కూడా అందులో ఒక అంగం ఎంత నిశ్శబ్దంగా జారిపోతుందో చూడండి. లక్ష్మయ్యగారి పేరు, గురప్పశెట్టిగారి పేరు మనకు తెలుసు. ఆ మైనం పట్టిన చివరి చేయి ఎవరిదో తెలియదు.

కోలారులో మన వంతు

మన దగ్గరికి వద్దాం. జిల్లాలో గుంత మగ్గం ఉన్న ఇళ్ళు వేళ్ళ మీద లెక్కపెట్టే స్థితికి వస్తున్నాయి. గుంత పూడ్చి సిమెంటు వేశాం, తప్పు కాదు, ఇల్లు చాలాలి కదా. అచ్చులు, నాడెలు అటక మీద కొన్నాళ్ళుండి తర్వాత పొయ్యిలోకి పోయాయి. జేజినాయన ఏ ఊరి నుంచి వచ్చాడు, ధర్మవరమా, మదనపల్లె వైపా, వెంకటగిరా? ఎవరి దగ్గర పని నేర్చాడు? గనుల కాలంలో రాబర్ట్‌సన్‌పేట సంతలో ఏ చీరలు అమ్మాడు? ఇవి తెలిసిన అవ్వలు ఇంకా కొందరున్నారు. వాళ్ళు పోతే బుకానన్ పుస్తకంలో ఉన్నంతే మనకు మిగిలేది: కులం పేరు, పని పేరు.

పెనాంగ్‌లో మేము చూసింది రాజభవనం కాదు. ఒక వీధిలో ఒక పాత ఇల్లు. గోడలకు బొమ్మలు, కింద పేర్లు. అంతపాటి గది మన సంఘాల్లో ఏదో ఒక ఊళ్ళో దొరక్కపోదు. గది దొరికేదాకా ఆగాల్సిన పని కూడా లేదు. ఈ సంచికను మీలో చాలామంది ఫోనులోనే చదువుతున్నారు. ఆ ఫోనుతోనే మొదలుపెట్టండి.

ఇంట్లో ఉన్న పాత చీర, పంచె, రుమాలు ఏదైనా వెలుతురులో పరిచి ఫోటో తీయండి. అంచు దగ్గర నుంచి ఒకటి, కొంగు ఒకటి. రాట్నం, నాడె, కండెల బుట్ట, ఏది మిగిలితే అది తీయండి. పెద్దవాళ్ళను కూర్చోబెట్టి మాట్లాడించి రికార్డు చేయండి. మగ్గం పదాలు వాళ్ళ నోటి నుంచే రానివ్వండి, మన కోలారు మాటలోనే ఉండనివ్వండి, దిద్దొద్దు. అన్నిటికన్నా ముఖ్యం, ప్రతి ఫోటో కింద మూడు సంగతులు రాయండి: నేసినవాళ్ళ పేరు, ఊరు, తెలిసినంతలో ఏడు. ఆడవాళ్ళ పేర్లు మరవొద్దు. రాట్నం వడికింది, కండెలు చుట్టింది, గంజి పెట్టింది ఎక్కువగా వాళ్ళే. మగ్గం మీద కూర్చున్నవాడి పేరొక్కటే రాస్తే పడుగు రాసి పేక వదిలినట్టు.

వచ్చే వార్షికోత్సవానికి ఫెడరేషన్ పెద్దలు జిల్లాలోని ప్రతి ఊరి సంఘం నుంచి కనీసం పది కుటుంబాల వివరాలు సేకరించి ఒకచోట చేర్చాలని మా విన్నపం. చదువుకున్న పిల్లలు ఒక ఆదివారం కేటాయిస్తే ఒక వీధి పూర్తవుతుంది. మా వంతుగా మా ఇళ్ళ పేర్లు రాయడం మొదలుపెట్టాం. మొదటి పేజీలో మా అవ్వల పేర్లు పెట్టాం.