బరంపురానికి తెలుగు బొమ్మ ఆలస్యంగా వచ్చింది

1936 ఏప్రిల్ 1న గంజాం మద్రాసు రాజధాని నుంచి విడిపోయి ఒడిశాలో కలిసింది. ఇచ్ఛాపురం మద్రాసు వైపే ఉండిపోయింది. మా బరంపురం నుంచి అక్కడికి సుమారు పాతిక కిలోమీటర్లు. మా సినిమా పిచ్చికి ఆ దూరం ఎన్నడూ అడ్డు రాలేదు. టీవీ పిచ్చికి మాత్రం పదేళ్ళ పైచిలుకు అడ్డొచ్చింది.

టీవీకి ముందు తారల కబుర్లు మాకు రైల్లో వచ్చేవి. హౌరా, మద్రాసు లైను మీద ఉన్న ఊరు కాబట్టి పత్రికల కట్టలు స్టేషన్లో దిగేవి. విజయచిత్ర నడిపేజీ బొమ్మ గోడకెక్కేది. తరువాత సితార దాని పక్కన చేరింది. పాటలకు విశాఖపట్నం రేడియో ఉండేది. అది చాలనివాళ్ళకు సిలోన్ రేడియోలో మీనాక్షి పొన్నుదురై గొంతు ఉండేది. ఒడిశాలో మొట్టమొదటి సినిమా హాలని ఊళ్ళో గర్వంగా చెప్పుకునే ఎస్.ఎస్.వి.టి. మా ఊరిదే. ఎన్టీఆర్ పక్షమా, ఏఎన్నార్ పక్షమా అనే తగవు కుట్టుపని దుకాణాల్లో తెలుగువాళ్ళ మధ్యే ఆగేది కాదు. ఒడియా కుర్రాళ్ళూ పక్షం తీసుకునేవారు, మనకంటే గట్టిగా.

టీవీ విషయంలో పట్నంవాళ్ళం మేమే వెనకబడ్డాం. 1975 ఆగస్టు నుంచి ఏడాది పాటు ఉపగ్రహం ద్వారా దేశంలో ఆరు రాష్ట్రాల పల్లెలకు కార్యక్రమాలు పంపారు. ఒడిశాలో ఆ అదృష్టం సంబల్పూర్, ఢెంకనాల్, ఫుల్బనీ జిల్లాలకు దక్కింది. ఫుల్బనీ మాకు పక్క జిల్లా. అక్కడి కొండపల్లెల వాళ్ళు వలగొడుగు లాంటి యాంటెన్నా కింద కూర్చుని టీవీ చూస్తున్న రోజుల్లో, కాలేజీలూ మెడికల్ కాలేజీ ఉన్న బరంపురంలో మేం ఇంకా ట్రాన్సిస్టరు చెవి తిప్పుతున్నాం.

ఎనభైలలో పెట్టెలు ఇళ్ళకు రావడం మొదలైంది. డయనోరా, సాలిడేర్ మద్రాసువి. ఈసీ టీవీ హైదరాబాదుది. అది తయారైంది తెలుగునాట, మా ఇంట్లో మాట్లాడింది హిందీ! ఢిల్లీ నుంచి హిందీ, కటక్ నుంచి ఒడియా. తెలుగు ఎప్పుడైనా ఆదివారం మధ్యాహ్నం ప్రాంతీయ చిత్రంగా వచ్చేది. వారానికో భాష వంతు, మన వంతు కోసం ఎదురుచూపు. తీరా వస్తే అది అవార్డు సినిమా. రామారావు డాన్సు కోసం కూర్చున్న ముసలమ్మలు లేచి వంటింట్లోకి వెళ్ళిపోయేవారు.

ఇక 1987 జనవరి 25. రామానంద్ సాగర్ రామాయణం ఆ ఆదివారం మొదలై మరుసటేడు జూలై 31 దాకా 78 భాగాలు సాగింది. టీవీ ఉన్న ఇల్లు ఆ పూట వీధి మొత్తానిది. పక్కింటి ఒడియా మావుసి (పిన్ని) స్నానం చేసి, తడిజుట్టుతో వచ్చి ముందు వరసలో కూర్చునేది. ఆవిడకూ హిందీ అంతంతే, మాకూ అంతంతే. ఖరగ్‌పూర్‌లో రైల్వే ఉద్యోగం చేసి రిటైరైన పెద్దాయన ఒకరు అందరికీ అర్థం చెప్పేవారు, సగం తెలుగులో, సగం ఒడియాలో. సాగర్ రాసిన దానికంటే ఆయన కలిపింది ఎక్కువని నా అనుమానం.

అసలు గొడవ రాముడి దగ్గర. లవకుశ చూసిన కళ్ళకు అరుణ్ గోవిల్ ఆనలేదు. "ఈ రాముడు మన రాముడు కాడ్రా బాబూ" అని మా నాయనమ్మ తేల్చేసింది. సీత విషయంలో మాత్రం అంజలీదేవి తరవాత దీపికేనని ఒప్పుకుంది. మావుసికి ఈ పేచీ లేదు. తెర మీద ఎవరు కనబడితే వారికే దణ్ణం పెట్టేది. 1988 అక్టోబరు 2న మహాభారతం మొదలైనప్పుడు కృష్ణుడి మీద అదే తగవు మళ్ళీ లేచింది. మాయాబజారు ముందు నితీష్ భరద్వాజ్ నిలవలేదని చెప్పనక్కరలేదు.

1995లో జెమినీ, ఆ ఆగస్టులో ఈటీవీ వచ్చాయి. కేబుల్ పుణ్యమా అని అవి మా వీధుల్లోకీ చేరాయి. ఒడిశాలో కలిసిన యాభై తొమ్మిదేళ్ళ తరువాత రోజంతా తెలుగు వినబడే ఊరైంది బరంపురం. మరుసటేడు పాడుతా తీయగా మొదలైంది. బాలసుబ్రహ్మణ్యం పిల్లల ఉచ్చారణ దిద్దుతుంటే మా ఇళ్ళలోనూ శ, ష, స లు సర్దుకున్నాయి. 1999 అక్టోబరు మధ్యలో గోపాలపురం దగ్గర తీరం దాటిన తుపాను యాంటెన్నాలనూ కేబుల్ తీగలనూ ఒక్క దెబ్బకు ఊడ్చేసింది. ఆ నెల 29న పారాదీప్‌ను కొట్టిన మహా తుపాను మాటున మా తుపానును దేశం మరిచిపోయింది. తీగలు మళ్ళీ లాగారు. 2001లో అమృతం సీరియల్ వచ్చేసరికి ఒడియా స్నేహితులు కూడా అంజి జోకులకు నవ్వుతున్నారు.

ఇక్కడో మాట చెప్పాలి. కేబుల్ మా పిల్లలకు తెలుగు చెవిని ఇచ్చింది, కంటిని ఇవ్వలేదు. సీరియల్ డైలాగు గుక్క తిప్పుకోకుండా చెప్పే పిల్ల పాత సితార చేతిలో పెడితే బొమ్మలు చూసి ఇచ్చేస్తుంది. తప్పు టీవీది అనను. టీవీ ఉందిలే, భాష ఎక్కడికీ పోదులే అనుకున్న పెద్దలది.

బరంపురం, ఛత్రపురం, గోపాలపురం తెలుగిళ్ళలో అటకల మీద విజయచిత్రలు, సినిమా పాటల పుస్తకాలు, హాళ్ళు పంచిన కరపత్రాలు ఇంకా ఉన్నాయి. వాటిని తూకానికి వెయ్యకండి. ఏ హాల్లో ఏ బొమ్మ ఎన్ని వారాలు ఆడిందో చెప్పగల ముసలివాళ్ళు ఇంట్లో ఉంటే, ఈ ఏడే కూర్చోబెట్టి రాసుకోండి. తెలుగులోనే రాయండి.