చావు కోరడం స్వేచ్ఛేనా?
నొప్పికి తాళలేకనే రోగి చావు కోరుతాడని మనవాళ్ల నమ్మకం. ఇది అర్ధసత్యమే. 1997 నుండి ఇట్టి చట్టం అమలులోనున్న అమెరికాలోని ఆరెగన్‌లో రోగులు ఎక్కువగా చెప్పినది నొప్పి కాదు, తమ బతుకుపై తమకు అధికారం పోవడం. 2004లో హైదరాబాదులో కండరాల క్షీణతతో మరణశయ్యపైనున్న పాతికేళ్ల చదరంగ క్రీడాకారుడు వెంకటేశ్ అవయవదానం కోసమే ముందుగా మరణం కోరాడు, హైకోర్టు ఒప్పుకోలేదు. 2018లో సుప్రీంకోర్టు ప్రాణాధార చికిత్స వద్దనే హక్కును గుర్తించింది. వైద్యుడు ప్రాణం తీయడం మాత్రం నేటికీ నేరమే.

కాని నల్లగొండ, మహబూబ్‌నగర్ పల్లెల నుండి హైదరాబాదు క్యాన్సరు ఆసుపత్రికి దారిఖర్చు అప్పు తెచ్చుకునే కూలీలను నేనెరుగుదును. 1985 మాదకద్రవ్యాల చట్టం మార్ఫిన్‌ను దుర్లభం చేసింది. 2014 సవరణతోగాని అది సడలలేదు. మందు అందక, ఇంటికి భారమైనానన్న దిగులుతో కోరిన చావు స్వేచ్ఛ కాదు, లేమి విధించిన శిక్ష. చావు హక్కును నేను కాదనను. దానికి ముందు నొప్పి తీర్చే హక్కు దక్కాలి.