దారి చెప్పే ఫోన్

మా గుడికి కొత్తగా వచ్చేవాళ్ళకి ఇప్పుడు ఫోనే దారి చెప్తుంది. ఆ జీపీఎస్ అమెరికా సైన్యం కోసం పుట్టింది. మామూలు జనానికి సిగ్నల్ కావాలనే చెడగొట్టి ఇచ్చేవారు, వంద మీటర్ల దాకా తేడా. గుడి బదులు పక్క వీధి! 2000 మే నెలలో క్లింటన్ ప్రభుత్వం అది ఆపేసింది. సిగ్నల్ ఉచితమే, కానీ మ్యాప్‌కి డేటా కావాలి.

నాకైతే ఇండియాలో ఫోన్ ఖర్చు కథే ఎక్కువ ఇష్టం. అక్కడ 2003 దాకా సెల్‌కి కాల్ వస్తే, ఎత్తినవాళ్ళకీ ఖర్చే. అందుకే మా అక్క రెండు ముక్కలు మాట్లాడి పెట్టేసేది. 2016 సెప్టెంబరు 5న జియో వచ్చింది, మొదటి నెలల్లో డేటా ఉచితం. మిగతా కంపెనీలూ ధరలు తగ్గించక తప్పలేదు. ఇప్పుడు అక్క వీడియోలో గంటసేపు కూర్చుంటుంది. త్యాగరాజ కీర్తనలు వినిపిస్తుంది, రోజుకో మాట నేర్పుతుంది. నిన్నటిది 'గిలక': బావి మీద తాడు తిరిగే చక్రం.